తిరుపతి జింక్, టాలిన్ జింక్

ఒకే పదార్థం మీద రెండు పరిశోధన వ్యాసాలున్నాయి. మొదటిది 2008లో ఎస్తోనియా రాజధాని టాలిన్ నుంచి వచ్చింది. మార్గిట్ హైన్‌లాన్, ఆన్ కహ్రు, వారి సహచరులు రాశారు. కీమోస్ఫియర్ పత్రికలో అచ్చయింది. రెండోది 2012లో మన తిరుపతి నుంచి వచ్చింది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన టి.ఎన్.వి.కె.వి. ప్రసాద్ బృందం, మద్రాసు ఐఐటీ రసాయన శాస్త్రవేత్త టి. ప్రదీప్ తదితరులతో కలిసి రాసింది; జర్నల్ ఆఫ్ ప్లాంట్ న్యూట్రిషన్‌లో వచ్చింది. రెండింటిలోనూ కథానాయకుడు నానో జింక్ ఆక్సైడే. టాలిన్ వ్యాసంలో అది నీటిలోని చిన్న ప్రాణుల పాలిట విషం. తిరుపతి వ్యాసంలో అది వేరుశనగ దిగుబడి పెంచే పోషకం.

రెండు మాటలూ నిజమే. ఒక్కొక్క వ్యాసాన్నే పట్టుకుని వాదించేవాళ్లు మనకు చాలామంది ఉన్నారు. ఒకరు నానో ఎరువును అమృతమంటారు, మరొకరు కాలకూటమంటారు. రెండు వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి, ఒక దాని అంకెలతో మరొక దాన్ని ప్రశ్నిస్తూ చదివితే తేలేది ఈ రెండు తీర్పుల్లో ఏదీ కాదు. అలా చదవడానికి ముదిగుబ్బ కంటే తగిన చోటు దొరకదు.

ముదిగుబ్బ మండలం ఒకప్పటి అనంతపురం జిల్లాలోది, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోది. జిల్లా పేరు మారింది గానీ వాన మారలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ, అదీ ఎప్పుడొస్తుందో నమ్మకం లేని వాన. ఎర్ర నేలలు, వర్షాధారపు చెనిక్కాయ, ఎండాకాలానికి నెర్రెలు విచ్చే చెరువులు, కుంటలు. మద్దిలేరు మీది యోగి వేమన జలాశయం ఈ మండలంలోనే ఉంది. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇక్కడికి దగ్గర; కదిరి-6 వేరుశనగ రకం పేరు వినని రైతు ఈ దారిలో కనబడడు. జింక్ లోపం రాయలసీమ నేలలకు పాత జబ్బే. ఆకు పాలిపోతే రైతు జింక్ కొడతాడు. ఆ పొలం మీద పడిన వాన వంక పట్టుకుని కుంటలోకి దిగుతుంది. తిరుపతి వ్యాసానికి కావలసిన పొలమూ టాలిన్ వ్యాసానికి కావలసిన నీళ్లూ ఇక్కడ ఒకే వాలు మీద, ఒకదాని దిగువన ఒకటి ఉన్నాయి.

పొలం గట్టు నుంచి

తిరుపతి వ్యాసం రైతు అడిగే ప్రశ్ననే అడుగుతుంది: ఏది వేస్తే కాయ బాగా పడుతుంది? సగటున 25 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ కణాలను ఒక పక్కన, రైతులకు అలవాటైన జింక్ సల్ఫేట్‌ను కీలేటెడ్ రూపంలో మరో పక్కన పెట్టి పోల్చింది. 1000 పీపీఎం నానో జింక్‌తో శుద్ధి చేసిన విత్తనం బాగా మొలిచింది, మొలక పుష్టిగా వచ్చింది, పూత ముందే పడింది, ఆకులో పత్రహరితం పెరిగింది. మొక్కకు కాయ దిగుబడి సల్ఫేట్‌తో పోలిస్తే 34 శాతం ఎక్కువ. తర్వాత 2008–09, 2009–10 రబీల్లో పొలంలో ఆకుల మీద పిచికారీ చేశారు. సల్ఫేట్ మోతాదులో పదిహేనో వంతు నానో జింక్ వాడి, మొదటి ఏడు 29.5 శాతం, రెండో ఏడు 26.3 శాతం అదనపు దిగుబడి చూపించారు.

ఈ వ్యాసంలో మెచ్చుకోవలసింది దాని నిజాయతీ. వీరు నానో జింక్‌ను ఏమీ వేయని మడితో పోల్చి గొప్ప చూపించలేదు. రైతు ఇప్పటికే కొని వాడుతున్న మందుతోనే పోటీకి పెట్టారు. పైగా 2000 పీపీఎం దగ్గర ఎదుగుదల కుంటుపడిందని దాచకుండా చెప్పి, ఈ కణాలను ఆచితూచి వాడాలని హెచ్చరించారు. గెలిచిన ప్రయోగం రాసినవాళ్లు తామే హద్దు గీయడం తరచుగా చూసేది కాదు.

అయితే ఆ హెచ్చరిక మొక్క కోసం. వ్యాసం కొలిచినవన్నీ మొలకతో మొదలై కాయతో ముగుస్తాయి. ఆకు మీద నిలవకుండా జారిన బొట్టు ఎటు పోయిందన్నది దాని ప్రశ్నల్లో లేదు. వ్యవసాయ పరిశోధన వ్యాసానికి అది తప్పేమీ కాదు, దాని పొలిమేర అంతవరకే. కానీ పిచికారీ జరిగింది రబీలో. ముదిగుబ్బ రైతు బతుకంతా ఖరీఫ్ మీద, మబ్బు మీద ఆధారపడి ఉంది. మందు కొట్టిన సాయంత్రమే వాన దంచి కొట్టవచ్చు. రబీ పొలంలో చిన్నదిగా కనిపించే ఆ ప్రశ్న ఖరీఫ్ పొలంలో పెద్దదవుతుంది.

నీటి అడుగు నుంచి

టాలిన్ వ్యాసం మొదటి నుంచీ నీళ్ల వైపు నిలబడింది. జింక్ ఆక్సైడ్, కాపర్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్‌లను నానో రూపంలోనూ మామూలు పొడి రూపంలోనూ తీసుకుని మూడు రకాల ప్రాణుల మీద పరీక్షించింది. ఒకటి వెలుగునిచ్చే బ్యాక్టీరియా. రెండోది డాఫ్నియా మాగ్నా; మంచినీటిలో ఎగురుతున్నట్టు ఈదుతూ నీటిని వడగట్టి నాచు తినే, ఆవగింజ పరిమాణపు రొయ్య బంధువు. మూడోది థామ్నోసెఫాలస్ ప్లాటియూరస్. ముదిగుబ్బ పాఠకుడు ఆగి చూడవలసింది ఈ మూడోదాన్ని.

థామ్నోసెఫాలస్ ఉత్తర అమెరికా మెట్ట ప్రాంతాల్లోని వానగుంటల ప్రాణి. గుంట నిండితే పుడుతుంది, వెల్లకిలా ఈదుతూ బతుకుతుంది, గుంట ఎండేలోపు గుడ్లు పెట్టి పోతుంది. ఆ గుడ్లు ఎండుమట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉండి, మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి. దక్షిణ భారతపు వానగుంటల్లో ఇదే జీవనక్రమం గల దాని దాయాదులున్నాయి. స్ట్రెప్టోసెఫాలస్ ప్రజాతి అలాంటిదే. చలిదేశపు ప్రయోగశాల తన పరీక్షకు ఎంచుకున్న ప్రాణి స్వభావంలో టాలిన్ కంటే ముదిగుబ్బకే దగ్గర.

పరీక్ష జరిగే తీరు చూస్తే ఆ అంకెల వెనక ఏముందో తెలుస్తుంది. ఎండు గుడ్లను నీటిలో వేసి వెలుతురులో పొదిగిస్తారు. పుట్టి ఒక రోజైనా నిండీ నిండని పిల్లలను సన్నని గొట్టంతో పట్టి, ప్లాస్టిక్ పలకలోని గుంతల్లో పదేసి చొప్పున వదులుతారు. ఒక్కో వరుసలో ఒక్కో మోతాదు మందు. పలకను చీకట్లో, 25 డిగ్రీల వెచ్చదనంలో 24 గంటలు ఉంచి, మర్నాడు భూతద్దం కింద కదలని వాటిని లెక్కపెడతారు. సగం పిల్లలు చచ్చే మోతాదే ఫలితం. డాఫ్నియాకైతే 48 గంటలు.

ఆ లెక్కలో నానో జింక్ ఆక్సైడ్‌కు వచ్చిన అంకెలివి: డాఫ్నియాకు లీటరుకు 3.2 మిల్లీగ్రాములు, థామ్నోసెఫాలస్‌కు 0.18 మిల్లీగ్రాములు. వానగుంట ప్రాణి డాఫ్నియా కంటే 17 రెట్లకు పైగా సుకుమారం. టైటానియం డయాక్సైడ్ మాత్రం లీటరుకు 20 గ్రాములు వేసినా చంపలేదు. నానో అయినంత మాత్రాన విషమన్న వాదన ఈ ఒక్క ఫలితంతోనే పడిపోతుంది.

ఈ వ్యాసపు అసలు ప్రతిభ తర్వాతి అడుగులో ఉంది. చంపుతున్నది కణమా, కణం కరిగి విడుదలైన జింక్ అయానా? దీన్ని తేల్చడానికి జింక్ అయాన్లు తగిలితే సంకేతమిచ్చేలా జన్యుమార్పిడి చేసిన బ్యాక్టీరియాను వాడారు. కరిగిన జింకే కారణమని తేలింది. మామూలు జింక్ ఆక్సైడ్ పొడి కూడా థామ్నోసెఫాలస్‌ను 0.24 మిల్లీగ్రాముల దగ్గరే చంపడానికి ఇదే వివరణ. జింక్ విషయంలో కణం చిన్నదా పెద్దదా అన్నది దాదాపు అనవసరం.

ఎవరిని ఎవరికి ఎదురుపెట్టారు

పోలిక మీద నడిచే ఏ రచననైనా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే. తిరుపతి వ్యాసం నానోకు ఎదురుగా జింక్ మందుల్లో సల్ఫేట్‌ను మాత్రమే పెట్టింది. టాలిన్ వ్యాసం మామూలు పొడినీ కరిగే లవణాన్నీ రెండింటినీ పెట్టింది. ఈ తేడా ఎంత దూరం తీసుకెళుతుందో రాగి అంకెలు చూపిస్తాయి. డాఫ్నియాలో సగాన్ని చంపడానికి మామూలు కాపర్ ఆక్సైడ్ లీటరుకు 164.8 మిల్లీగ్రాములు కావాలి, నానో కాపర్ ఆక్సైడ్ 3.2 మిల్లీగ్రాములు చాలు, కాపర్ సల్ఫేట్ 0.17 చాలు. పొడితో పోలిస్తే నానో రాగి యాభై రెట్లు ప్రమాదకరం. సల్ఫేట్‌తో పోలిస్తే దాదాపు పందొమ్మిది రెట్లు నయం. ఒకే పట్టికలోంచి భయపెట్టే వార్తా రాయవచ్చు, ఊరడించే వార్తా రాయవచ్చు. రాసినవాడు ఏ గడిని ఎంచుకున్నాడో చూడకుండా ఏ వార్తనూ నమ్మకూడదు.

జింక్ విషయానికే వద్దాం. టాలిన్ పట్టికలో జింక్ సల్ఫేట్‌కు థామ్నోసెఫాలస్ దగ్గర 0.98 మిల్లీగ్రాములని ఉంది. నానో జింక్ 0.18. అంటే బరువుకు బరువు చూస్తే నానో అయిదు రెట్లకు పైగా ఘాటు. నానో వ్యతిరేకి ఇక్కడే పుస్తకం మూసేస్తాడు. కానీ తిరుపతి వ్యాసం అదే పంటకు మోతాదు పదిహేనో వంతుకు దించింది. ఘాటు అయిదు రెట్లు పెరిగి వాడకం పదిహేను రెట్లు తగ్గితే, ఎకరాకు నీటి మీద పడే భారం మూడో వంతు దగ్గరికి తగ్గుతుంది. ఈ వాక్యం రెండు వ్యాసాల్లో దేనిలోనూ లేదు. రెండింటినీ పక్కపక్కన పెడితేనే పుడుతుంది.

ఇక్కడొక మెలిక ఒప్పుకోవాలి. తిరుపతి వాడింది కీలేటెడ్ సల్ఫేట్, టాలిన్ వాడింది మామూలు సల్ఫేట్. కీలేటెడ్ రూపంలో జింక్ కట్టుబడి ఉంటుంది కనుక నీటి ప్రాణులకు దాని దెబ్బ తక్కువగా ఉండవచ్చు. అప్పుడు నానో పక్షాన మిగిలిన లాభం కరిగిపోవచ్చు.

ట్యాంకు లెక్క

రైతు మందును మిల్లీగ్రాముల్లో తూచడు, ట్యాంకుకు ఇంతని వేస్తాడు. జింక్ లోపానికి లీటరుకు 2 గ్రాముల సల్ఫేట్, ఎకరాకు 200 లీటర్ల మందునీళ్లు అన్నది పల్లెల్లో అందరికీ తెలిసిన లెక్క. పదిహేను లీటర్ల ట్యాంకుకు 30 గ్రాములు, ఎకరాకు 400 గ్రాములు. అందులో పదిహేనో వంతంటే ట్యాంకుకు 2 గ్రాముల నానో జింక్, ఎకరాకు సుమారు 27 గ్రాములు.

ఇప్పుడొక అన్యాయమైన ఊహ చేద్దాం: కొట్టినదంతా ఒక్క వానకు కొట్టుకుపోయి కుంటలో చేరిందనుకుందాం. ఎకరా విస్తీర్ణాన అడుగు లోతు నీళ్లుంటే ఆ కుంటలో దాదాపు 12.3 లక్షల లీటర్లున్నట్టు. ఒక ఎకరా నానో జింక్ అంతా కలిస్తే లీటరుకు 0.022 మిల్లీగ్రాములు, అంటే వానగుంట పిల్లల్లో సగాన్ని చంపే మోతాదులో ఎనిమిదో వంతు. ఒక ఎకరా సల్ఫేట్ అంతా కలిస్తే 0.32 మిల్లీగ్రాములు, దాని హద్దులో మూడో వంతు. కుంట ఎండుతూ వస్తుంటే, జింక్ అంతా నీటిలోనే ఉండిపోతుందనుకుంటే, నాలుగు అంగుళాల లోతు దగ్గర సల్ఫేట్ హద్దు తాకుతుంది. నానో జింక్‌కు ఆ ఘడియ ఒకటిన్నర అంగుళం దగ్గర వస్తుంది.

నిజంగా జరిగేది ఇంత కఠినంగా ఉండదు. ఎక్కువ భాగం ఆకు మీద, మట్టిలో నిలిచిపోతుంది; చేరినదాంట్లోనూ చాలా భాగం ఒండ్రుకు అంటుకుంటుంది. కఠినజలంలో జింక్ ఘాటు తగ్గుతుందనీ తెలిసిన విషయమే. అయినా ఈ లెక్క ఒకటి చూపిస్తుంది. నిండు నదిలో కలిసి కనబడకుండా పోయే మోతాదు, ఇంకుతూ ఆవిరవుతూ పోయే కుంటలో చిక్కబడుతుంది. కురిసేదానికంటే ఎండ పీల్చేది ఎన్నో రెట్లు ఎక్కువైన సీమలో పలచబడే అవకాశం మీద భరోసా పెట్టుకోలేం.

పొలం మొత్తం కొట్టుకుపోవడం ఊహే. ట్యాంకు కడగడం ఊహ కాదు. మందు కొట్టిన తర్వాత స్ప్రేయర్‌ను నీళ్లున్న చోటికే తీసుకెళ్లి, అడుగున మిగిలిన మందును కుమ్మరించి, రెండుసార్లు కుదిపి, నాజిల్ విప్పి ఊది కడగడం ఎవరికైనా తెలిసిన దృశ్యం. ఒక గ్రాము నానో జింక్ 5,500 లీటర్ల నీటిని, అంటే ఒక పెద్ద ట్యాంకర్ నీటిని, థామ్నోసెఫాలస్‌లో సగాన్ని చంపే స్థాయికి తేగలదు. కుంట అంచున మోకాటి లోతు నీటిలో, పిల్ల ప్రాణులు గుమిగూడే చోటే ట్యాంకు కడిగితే, ఎకరాల లెక్కతో పనిలేకుండానే టాలిన్ పలక మీది ప్రయోగం అక్కడ జరిగిపోతుంది.

గడియారం, నీళ్లు

టాలిన్ వ్యాసాన్ని కూడా నిలదీయవలసిన చోట్లున్నాయి. దాని గడియారం 24, 48 గంటల దగ్గర ఆగిపోతుంది. 2011లో జర్మనీలోని లాండౌ నుంచి ఆండ్రే డబ్రుంజ్ బృందం ప్లాస్ వన్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ గడియారాన్నే ప్రశ్నించింది. చంపదని టాలిన్ తేల్చిన టైటానియం డయాక్సైడ్‌నే, లీటరుకు 2 మిల్లీగ్రాములంత తక్కువగా వేసి, 96 గంటలు ఆగి చూశారు. కణాలు డాఫ్నియా ఒంటిమీద పూతలా పేరుకున్నాయి. మొదటి 36 గంటల్లో అన్నీ కుబుసం విడిచి ఆ పూతను వదిలించుకున్నాయి. మళ్లీ పూత పేరుకుంది. రెండోసారి కుబుసం విడవగలిగినవి పదిలో ఒకటే. తొంభై శాతం చనిపోయాయి. 48 గంటలకు లెక్క ముగించినవాళ్లకు ఈ చావులు కనబడవు.

రొయ్య జాతి ప్రాణులు కుబుసం విడిస్తేనే పెరుగుతాయి. వానగుంట ప్రాణికి గుంట ఎండేలోపు పెరిగి గుడ్లు పెట్టడమే జీవితం. చావకపోయినా రెండు రోజులు ఆలస్యమైతే ఆ తరం వృథా. టాలిన్ పలకలో ఈ ఆలస్యానికి గడి లేదు.

నీటి గురించిన సందేహానికి మాత్రం టాలిన్ బృందమే తర్వాత జవాబిచ్చింది. ఇరినా బ్లినోవా, కహ్రు తదితరులు 2010లో ఎన్విరాన్మెంటల్ పొల్యూషన్ పత్రికలో, తయారుచేసిన నీటికి బదులు సహజ జలాలతో పరీక్షించి రాశారు. కరిగిన సేంద్రియ పదార్థం వల్ల నానో రాగి ఘాటు 140 రెట్ల దాకా తగ్గింది. నానో జింక్ ఘాటు అలా తగ్గలేదు. ప్రయోగశాల నీరు వేరు, ఊరి నీరు వేరు, కాబట్టి భయం లేదనే వాదన రాగికి చెల్లింది, జింక్‌కు చెల్లలేదు. అయితే ఆ సహజ జలం ఎస్తోనియాది. మన కుంటలోని ఎర్రటి బురదనీటికి ఆ ఫలితాన్ని అలాగే అంటగట్టడం కూడా తొందరపాటే.

ఇద్దరూ చూడని చెరువు

రెండు వ్యాసాలకూ ఉమ్మడి లోపం ఒకటుంది: రెండింటిలోనూ మట్టి లేదు. తిరుపతికి మట్టి మొక్క నిలబడే చోటు, టాలిన్‌కు నీళ్లంటే శుభ్రమైన గుంత. ముదిగుబ్బ చెరువులో కథంతా మట్టిలోనే నడుస్తుంది. ఎండిన చెరువు గర్భంలో వానగుంట రొయ్యల గుడ్లు, డాఫ్నియా దాయాదులైన మోయినాల గుడ్లు తర్వాతి వాన కోసం కాచుకుని ఉంటాయి. నీటిలోంచి జింక్ ఒండ్రుకు అంటుకుంది కాబట్టి ముప్పు తప్పిందని నీటి శాస్త్రజ్ఞుడు అంటాడు. అంటుకున్నది ఆ గుడ్ల పక్కనే. తొలి వానకు పొదిగే పిల్ల కళ్లు తెరిచేది ఆ మట్టి తడిలోనే.

దీని మీద ఆధారపడ్డ బతుకులు చిన్నవి కావు. చెరువు నిండితే మత్స్య సహకార సంఘాలు చేపపిల్లలను వదులుతాయి. బొచ్చె పిల్లకు తిండి ఈ కంటికి ఆనని ప్రాణులే. కప్పలూ కొంగలూ అదే వరసలో ఉన్నాయి. ఎండాకాలంలో రైతులు చెరువు పూడికమట్టిని ట్రాక్టర్లతో తోలి పొలాలకు వేస్తారు. పొలం నుంచి చెరువుకు దిగిన జింక్ ఇలా మళ్లీ పొలానికి ఎక్కుతుంది. లోపమున్న నేలకు అది మేలే కావచ్చు. కానీ ఈ రాకపోకలను ఏ వ్యాసమూ తూచలేదు.

కెనడాలో ఒంటారియో వాయవ్యంలోని ప్రయోగ సరస్సుల ప్రాంతంలో 2014, 2015ల్లో 222 నంబరు సరస్సులోకి నేరుగా వెండి నానో కణాలు కలిపారు. పలక మీద కాదు, సరస్సు మొత్తం మీద ప్రయోగమది. పసుపు పెర్చ్ చేపల సంఖ్యా, అవి తినే తిండీ తగ్గాయి. మనం ఒక చెరువును అలా పాడుచేయనక్కర్లేదు. మే నెలలో ఎండిన కుంట మట్టిని బకెట్లకు ఎత్తి, కొన్నిట్లో మామూలు సల్ఫేట్, కొన్నిట్లో నానో జింక్, కొన్నిట్లో ఏదీ కలపకుండా, అదే ఊరి నీళ్లు పోసి ఏం పొదిగిందో, ఎన్నాళ్లకు గుడ్లు పెట్టిందో లెక్కపెడితే చాలు. జంతుశాస్త్ర విభాగమున్న ఏ డిగ్రీ కాలేజీకైనా అందే ఖర్చు. తిరుపతికీ టాలిన్‌కూ మధ్య లేకపోయిన మూడో వ్యాసం అదే.

తొందర ఎందుకంటే, ఇది ఇక ప్రయోగశాల గొడవగా మిగల్లేదు. వ్యవసాయంలో నానో ఉత్పత్తుల మదింపుకు కేంద్రం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2021లో ఇఫ్కో నానో యూరియా సీసాల్లో వచ్చింది. 2024లో నానో జింక్, నానో కాపర్ ద్రవాలకు అనుమతి దొరికింది. తిరుపతి వ్యాసం చెప్పిన పదార్థం, టాలిన్ వ్యాసం పరీక్షించిన పదార్థం వరుసగా దుకాణపు అరల మీదికి చేరుతున్నాయి.

ఈ రెండు వ్యాసాల్లో ఏది గొప్పదని అడిగితే, శాస్త్రంగా టాలిన్ వ్యాసానిదే పైచేయి. ఎందుకు చంపుతోందో తేల్చింది, తన భయానికి తానే హద్దులు వేసుకుంది. రైతుకు దగ్గరగా నిలిచినది తిరుపతి వ్యాసం. తక్కువ మందుతో ఎక్కువ పంట అన్న దాని ఫలితం చెరువుకు కూడా మేలు చేయగలదు, మోతాదు నిజంగా తగ్గితేనే. దిగుబడి పెరిగిందని పదిహేనో వంతు కాస్తా అయిదో వంతుకు చేరిన రోజున ఆ మేలు పోతుంది. సల్ఫేట్ మీద అదనంగా నానో కొట్టిన రోజున టాలిన్ పట్టికే నిజమవుతుంది. అందుకని నానో జింక్ సీసా మీద రెండు మాటలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఒకటి తిరుపతి నుంచి: ఇది సల్ఫేట్‌కు బదులు, అదనం కాదు, ట్యాంకుకు ఇంతకు మించవద్దు. రెండోది టాలిన్ నుంచి: ట్యాంకును కుంటలో కడగవద్దు, పొలంలోనే కడిగి ఆ నీళ్లు పొలంలోనే పోయండి.